ప్రైవేట్ నంబరు నలభై ఏడు

పర్సుడీహ్, జంషెడ్‌పూర్
నవంబరు 10

పూజ్యులైన బావగారికి,

మీ మరదలు సుధ నమస్కారాలు.

ముందుగా నా అక్షరాలకీ, తప్పులకీ నన్ను క్షమించాలి. ఆరో తరగతితో నా బడి ఆగిపోయింది. ఆ తరవాత నేను రాసిందల్లా కిరాణా చీటీలే. ఈ ఉత్తరం రెండుసార్లు రాసి చించేశాను, ఇది మూడోది. ఒత్తులు ఎక్కడ వదిలేశానో మీరే పెట్టుకుని చదవండి.

ఈ ఇంటికి వచ్చి మూడున్నరేళ్ళయినా మీతో ఒక్క మాట మాట్లాడలేదు. భర్త అన్నగారి ఎదుట నోరు విప్పకూడదన్నది అత్తయ్య పద్ధతి, మా పుట్టింటి పద్ధతి కూడా. ఉత్తరం రాయకూడదని మాత్రం ఎవరూ చెప్పలేదు. ఆ ధైర్యంతోనే రాస్తున్నాను.

మీరు ఇంట్లో వదిలి వెళ్ళిన లాప్‌టాప్‌ను నేను పాడుచేశాను.

మీ తమ్ముడు ఆరు వారాల ట్రైనింగ్‌కి వెళ్ళారని మీకు తెలుసు. డిసెంబరు 13న వస్తారు. జనవరి నెలాఖరున గార్డు పోస్టుకి డిపార్ట్‌మెంటు పరీక్ష రాయాలి. రెండేళ్ళుగా పట్టాలు మార్చే పాయింట్స్‌మన్ డ్యూటీ దిగి వచ్చి, కాళ్ళు కడుక్కుని, ఆ లాప్‌టాప్ ముందు కూర్చుని నోట్సు టైపు చేసుకున్నారు. అదంతా అందులోనే ఉంది, కాగితం మీద ఒక్క పేజీ లేదు. మాక్ పరీక్షల సైటు పాత విండోస్ మీద తెరుచుకోవడం మానేసింది. ఈ మోడల్‌కి కొత్తది దానంతటది రాదనీ, మనమే చేత్తో ఎక్కించుకోవాలనీ అంటూ పెద్ద ఫైలు ఒకటి దింపి ఉంచారు. "వచ్చాక చేస్తాను, నువ్వు ముట్టుకోకు" అన్నారు.

మొన్న 8వ తేదీ సాయంత్రం నేను ముట్టుకున్నాను. ఆయన వచ్చేసరికి అంతా తయారుగా ఉంటే పదిరోజుల చదువు కలిసొస్తుందనుకున్నాను. పక్కింటి సన్యాసమ్మగారి ఫోన్‌లో హిందీ వీడియో మూడుసార్లు చూసి, ఆ ఫైలు తెరిచి, అడిగిన చోటల్లా నొక్కాను. నలభై శాతం దాకా వెళ్ళింది. అప్పుడు కరెంటు పోయింది. బ్యాటరీ ఎప్పుడో చచ్చింది కాబట్టి లాప్‌టాప్ కూడా ఆరిపోయింది. ఇప్పుడు వేస్తే గుండ్రాలు తిరుగుతాయి, తరవాత నీలం తెర, దాని మీద పక్కకు ఒరిగిన ఏడుపు మొహం.

నోట్సు పోయిందా, ఉందా? అదొక్కటి చెప్పండి చాలు. అత్తయ్యకి తెలియదు, ఆయనకి తెలియదు. జవాబు సన్యాసమ్మగారి అడ్రసుకి రాయండి. ఆవిడ ఫోన్‌కి మాత్రం ఏమీ పంపకండి. ఆ ఫోన్‌లోకి వచ్చింది మా క్వార్టర్ల లైనులో అందరూ చదువుతారు.

మీ మరదలు,
సుధ


పలాస
నవంబరు 17

చిరంజీవి సుధకు ఆశీస్సులు.

అమ్మా, నీ ఉత్తరం అందింది. నీ రాత చక్కగా ఉంది. తప్పులు నాలుగు కనిపించాయి. నేను స్టేషన్ డైరీలో రోజూ అంతకంటే ఎక్కువే చేస్తాను.

నోట్సు ఉంది. నూటికి తొంభై పాళ్ళు ఉంది. రైలు లైను మార్చేటప్పుడు పాత పట్టా పీకేసి కొత్తది సగం వేసి వదిలేస్తే బండి నడవదు. అంతమాత్రాన గూడ్స్ షెడ్డులో ఉన్న బస్తాలు ఎక్కడికీ పోవు కదా? నీ లాప్‌టాప్‌లో జరిగింది అదే. పట్టా పూర్తిచేయాలి, షెడ్డు జోలికి వెళ్ళకూడదు.

దాన్ని ఏ షాపుకీ ఇవ్వకు. షాపువాడికి తొందర ఎక్కువ, మొత్తం తుడిచేసి కొత్తది వేసి ఇస్తాడు. నువ్వు కూడా ఇక ఆన్ చేయకు. ఒక్కసారి మాత్రం చెయ్యి. ఆ ఏడుపు మొహం కింద ఇంగ్లీషులో ఏం రాసి ఉందో అక్షరం అక్షరం దించి నాకు పంపు. అర్థం కాకపోయినా ఫరవాలేదు, ఉన్నది ఉన్నట్టు రాయి.

ఇంకో మాట. నువ్వు చెప్పిన రోజు సాయంత్రం అమ్మ నాకు ఫోన్ చేసింది. ఇప్పుడే దీపం పెట్టానంది. వెనకాల సన్యాసమ్మగారి టీవీలో సీరియల్ మోగుతూనే ఉంది. ఒకే లైనులో వాళ్ళకి ఉన్న కరెంటు మీకు ఎలా పోయిందమ్మా?

కోపంతో అడగడం లేదు. నాలాంటి స్టేషన్ మాస్టరుకి రిపోర్టు సరిగ్గా కావాలి, లేకపోతే తప్పు పట్టాల మీదికి బండి పంపిస్తాడు. మళ్ళీ అదే జరగకుండా ఉండాలంటే నాకు నిజం తెలియాలి.

ప్రకాష్‌కి నేను చెప్పను. నువ్వే చెప్పుకోవాలి, అది కూడా బాగుపడ్డాక.

ఆశీస్సులతో,
ఆదిబాబు


పర్సుడీహ్
నవంబరు 24

బావగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం సన్యాసమ్మగారి గడప మీదే నిలబడి చదివేశాను. "నోట్సు ఉంది" అన్న ముక్క దగ్గర కళ్ళు తిరిగినట్టయి కూర్చుండిపోయాను. "ఏటమ్మా, శుభవార్తేటి?" అని ఆవిడ ఒకటే ఆరా. కాదని ఎంత చెప్పినా నమ్మలేదు. మర్నాటికి లైనంతా నాకు మామిడికాయ ఊరగాయ ముక్కలు పంపించారు. అత్తయ్య అవి చూసి నన్ను చూసి, ఏమీ అడగకుండా రెండు ముక్కలు తానే తిన్నారు.

కరెంటు పోలేదు బావగారూ. అబద్ధం రాశాను.

మీకు తెలిసిందే, దీపం పెట్టే వేళకి ఇంట్లో మోగేవీ, మెరిసేవీ ఏవీ ఉండకూడదని అత్తయ్య పట్టు. టీవీ, ఫ్యాన్ అన్నీ ఆపాకే వత్తి వెలిగిస్తారు. నేను పెరట్లో బట్టలు తీస్తున్నాను. లాప్‌టాప్‌లో గుండ్రాలు తిరుగుతున్నాయి కదా, సినిమా ఏదో నడుస్తోందనుకుని బోర్డు మీద స్విచ్చి కట్టేశారు. నేను లోపలికి వచ్చేసరికి దీపం వెలుగుతోంది, తెర చీకటి. అత్తయ్య కళ్ళు మూసుకుని దండం పెట్టుకుంటున్నారు. అప్పుడు నేనేం అనగలను?

తల్లి మీద కొడుక్కి ఫిర్యాదు రాసినట్టు ఉంటుందని కరెంటు మీదికి నెట్టాను. ఆవిడకి చెబితే బాధపడతారు. ఇది నా తొందరపాటు. వేళ చూసుకోవాల్సింది నేనే.

తెర మీది ఇంగ్లీషు వేరే కాగితం మీద దించాను, ఇందులో పెట్టాను. మూడో వరసలో ఒకచోట ఉన్నది ఒకటి అంకో, ఇంగ్లీషు 'ఎల్' అక్షరమో నాకు తెలియలేదు, రెండూ రాశాను.

ఒకటి అడగాలని ఉంది. తప్పయితే జవాబు రాయకండి. మీరు ఇంటికి రావడం మానేసి మూడేళ్ళు దాటింది. ఖరగ్‌పూర్‌లో బండి మారితే ఒక్కరోజు దారి. పండక్కి రారు, మీ తమ్ముడు పిలిచినా రారు. నేను ఈ ఇంట్లోకి వచ్చాకే ఇలా అయింది. నా వల్ల ఏదైనా లోటు జరిగిందేమో అని ఎప్పటినుంచో అనుకుంటున్నాను. చదువు లేనిదాన్ని తమ్ముడికి చేసుకున్నారని మీకు నచ్చలేదేమో.

ఎక్కువ రాశాను. క్షమించండి.

సుధ


పలాస
డిసెంబరు 1

చిరంజీవి సుధకు ఆశీస్సులు.

నిజం చెప్పినందుకు సంతోషం. స్విచ్చి సంగతి చదివి నవ్వాపుకోలేకపోయాను. ఒకసారి క్రికెట్ ఫైనల్లో ఆఖరి ఓవరుకి ముందు అమ్మ దీపం పెట్టింది. నేనూ ప్రకాషూ మాత్రమే కాదు, సిగ్నల్ కేబిన్ డ్యూటీ నుంచి అప్పుడే వచ్చిన నాన్న కూడా నోరు మెదపలేదు. లైనులో ఎవరింటికి వెళ్ళి అడిగినా ఎవరు గెలిచారో చెప్పారు, ఎలా గెలిచారో చెప్పలేదు.

నువ్వు దించిన అక్షరాలు చూశాను. అది ఒకటి అంకె. నువ్వు రెండూ రాయడం మంచిదైంది. వేరే కంప్యూటర్లో ఈ పెన్‌డ్రైవ్ తయారుచేసి రిజిస్టర్డ్ పోస్టులో పంపుతున్నాను. దీంతో కొత్త విండోస్‌ని నీ చేత్తోనే ఎక్కిస్తావు.

ముందు మా పద్ధతి ఒకటి నేర్పుతాను. పక్క స్టేషన్‌కి లైను ఖాళీగా ఉందని చెప్పడానికి మాకు నోటిమాట చాలదు. రెండంకెల నంబరు ఒకటి ఇస్తాం. దాన్ని ప్రైవేట్ నంబరంటారు. అవతలివాడు దాన్ని తిరిగి చెప్పి, రిజిస్టరులో రాసుకోవాలి. నంబరు లేకుండా బండి కదలదు. నీకూ అలాగే నంబర్లు ఇస్తున్నాను. ఒక పని పూర్తయ్యాకే దాని నంబరు నోటుపుస్తకంలో రాయి. నేను నంబరు ఇవ్వని పని ఏదైనా ఎదురైతే చెయ్యి తీసేసి కూర్చో.

లాప్‌టాప్ ఆపి ఉండగా పెన్‌డ్రైవ్ గుచ్చు. ఆన్ చేసి, పై వరసలో ఎఫ్ పన్నెండు మీట ఆగకుండా నొక్కుతూ ఉండు. ఒక పట్టీ వస్తుంది. అందులో పెన్‌డ్రైవ్ పేరు ఎంచుకో. అది 23. భాష అడుగుతుంది, ఉన్నది ఉంచి ముందుకు వెళ్ళు. కీ అడిగితే, కింద 'నా దగ్గర కీ లేదు' అన్న అర్థం వచ్చే వాక్యం ఉంటుంది, దాన్ని నొక్కు. ఆ రెండూ కలిపి 61. తరవాత రెండు పెట్టెలు కనిపిస్తాయి, కింది పెట్టె నొక్కు, అది 08. అప్పుడు డిస్కు భాగాల జాబితా వస్తుంది. అన్నిటిలోకీ పెద్దది ఎంచి 'నెక్స్ట్' నొక్కు. పాత ఫైళ్ళు 'విండోస్ ఓల్డ్' అనే ఫోల్డరులోకి వెళతాయని ఒక హెచ్చరిక వస్తుంది. మనకి కావలసింది అదే, ఒప్పుకో. అది 35. అక్కడ 'ఫార్మాట్', 'డిలీట్' అని రెండు మాటలు ఉంటాయి. వాటి ఇంగ్లీషు అక్షరాలు కింద రాశాను. వాటిని చూసినా దండం పెట్టి వదిలెయ్యి.

అంతా అయ్యాక ఆ 'విండోస్ ఓల్డ్' లోంచి ప్రకాష్ పేరున్న ఫోల్డరు బయటికి తీసి పెట్టుకో. ఆలస్యం చేయకు. పదిరోజుల్లో దాన్ని సిస్టమే చెరిపేస్తుంది.

పొద్దున్నే చెయ్యి. దీపం వేళకి దూరంగా.

నేను రాకపోవడానికి నువ్వు కారణం కాదు. ఇక్కడ మనుషులు తక్కువ, డ్యూటీ వదలరు. అంతే.

ఆశీస్సులతో,
ఆదిబాబు


పర్సుడీహ్
డిసెంబరు 11

బావగారికి మనసారా నమస్కారాలు.

సగం సంగతి మీరు ఫోన్‌లోనే విన్నారు. అయినా మొదటినుంచీ రాస్తాను. రిపోర్టు సరిగ్గా ఉండాలన్నారు కదా.

నిన్న పొద్దున్న వంట ముగించాను. అత్తయ్య కూరలకి పర్సుడీహ్ బజారుకి వెళ్ళారు. తలుపు గొళ్ళెం పెట్టుకుని మీ ఉత్తరం ఒళ్ళో పెట్టుకుని మొదలుపెట్టాను. 23, 61, 08. మూడూ రాసుకున్నాను. పెద్ద భాగం ఎంచి 'నెక్స్ట్' నొక్కాను. మీరు చెప్పిన హెచ్చరిక రాలేదు. వేరే మాట వచ్చింది, ఈ డిస్కు మీద వేయడం కుదరదని. మళ్ళీ నొక్కినా అదే.

వీడియోలో ఆ అబ్బాయికి కూడా సరిగ్గా ఇదే వచ్చింది బావగారూ. "సబ్ డిలీట్ కర్ దో" అని నవ్వుతూ చెప్పి అన్నిటినీ చెరిపేశాడు. తరవాత అతనికి చక్కగా నడిచింది. నా వేలు ఆ మాట మీదే ఉంది. ఎల్లుండి మీ తమ్ముడు వస్తారు, మీకు ఉత్తరం రాసి జవాబు వచ్చేసరికి పన్నెండు రోజులు. నొక్కేద్దామనుకున్నాను. నోటుపుస్తకంలో చూస్తే దానికి నంబరు లేదు. చెయ్యి తీసేసి కూర్చున్నాను.

అప్పుడే అత్తయ్య తలుపు కొట్టారు.

"ఏటే గొల్లెం ఎట్టుకున్నావు పట్టపగలు? ఆ మొకం ఏటి అలాగున్నాది?"

ఏడుపు వచ్చేసింది. మొత్తం చెప్పేశాను. అత్తయ్య కూరల సంచి కింద పెట్టకుండానే అంతా విన్నారు.

"అంతే ఆ రోజు స్విచ్చి కట్టీసింది నానే?"

"అవునత్తా."

"మరి నెల్లాళ్ళు సెప్పకుండా కూకున్నావా? నన్ను తిట్టుకోనేదేటి?"

"కొంచెం తిట్టుకున్నాను అత్తా."

"కొంచెవేటి, గట్టిగానే తిట్టుకోవాల. జల్దీ ఫోన్ తే ఇలాగ."

ఫోన్ తన బొడ్డులోనే ఉందని గుర్తొచ్చి, తనే తీసి, స్పీకరు పెట్టి, మీకు కలిపారు. తరవాత జరిగింది మీకు తెలుసు కానీ, ఇవతల ఎలా ఉందో మీకు తెలియదు. మీ గొంతు వినగానే నేను చెంగు తలమీదికి లాక్కుని గోడవైపు జరిగాను.

"ఒరే ఆదీ, ఈ పిల్ల నీ పెట్టె ముందు వణికిపోతంది. కుదరదంతందంట అది. అన్నీ డిలీట్ సెయ్యాలా అని అడుగుతంది."

"వద్దు! ముట్టుకోవద్దను!" అని మీరు అరిచిన అరుపుకి సంచిలోంచి వంకాయ ఒకటి దొర్లింది.

"ఒద్దంత. ఇన్నావా?"

"విన్నాను అత్తా."

"ఇన్నాదంటరా."

మీరు చెప్పేది నాకు వినిపిస్తూనే ఉంది, నేను చెప్పేది మీకు వినిపిస్తూనే ఉంది. అయినా ప్రతి మాటా అత్తయ్య నోటిలోంచే వెళ్ళి రావాలి. లాప్‌టాప్ ఆపి మళ్ళీ వేయమన్నారు. ఎఫ్ పన్నెండు పట్టీలో పెన్‌డ్రైవ్ పేరు రెండుసార్లు ఉంటుందని, ముందు నాలుగు ఇంగ్లీషు అక్షరాలున్నది వద్దని, అవి లేనిది కావాలని చెప్పారు.

"ముందర ఏటో ఉన్నది ఒద్దంట. ఏటీ నేనిది కావాలంట. అర్తమైందా? నాకైతే అవనేదు."

నాకు అర్థమైంది. మొదటిసారి పైనున్నది కనిపించగానే ఎంచేశాను, కింద ఇంకొకటి ఉందని చూడలేదు. ఈసారి రెండోది ఎంచాను. మళ్ళీ భాష, కీ, కింది పెట్టె. జాబితా వచ్చింది. అయినా నాకు వేలు ఆడలేదు. ఒకసారి తప్పిన చోటు కదా.

"నంబరు అడగండి అత్తా. కొత్త నంబరు లేకుండా నొక్కను."

కేబిన్ మనిషి భార్య ఆవిడ. నంబరంటే ఏమిటో నేను చెప్పక్కర్లేకపోయింది. "నిజమే, నంబరు నేకుండా మీ మావ బండి ఒదిలీవోరు కాదు. సెప్పరా నంబరు."

మీరు మాత్రం నంబరు ఇవ్వలేదు. ఇలా అన్నారు. "అమ్మా, నంబరు నీకివ్వకూడదు. ఎవరి చేతిలో పని ఉందో వాళ్ళకే ఇవ్వాలి. తిరిగి చెప్పాల్సింది కూడా వాళ్ళే. నాన్న ఎప్పుడైనా మధ్యలో ఇంకొకరి నోట నంబరు తీసుకున్నారా?"

అత్తయ్య ఫోన్ వైపు చూశారు, నా వైపు చూశారు. గోడకున్న మావయ్యగారి ఫొటో వైపు కూడా చూశారు. నా తలమీద చెంగు తనే సర్ది, ఫోన్ నా చెవికి ఆనించి, తాను గోడవైపు తిరిగిపోయారు. "నాను ఇనడం నేదు" అన్నారు గోడతో.

"నలభై ఏడు" అన్నారు మీరు. "తిరిగి చెప్పమ్మా."

చెంగు కొస వేలికి చుట్టడం, విప్పడం మొదలుపెట్టాను. మీరు తొందరపెట్టలేదు. అవతల ఏదో గూడ్సు వెళ్ళిపోతున్న చప్పుడు, అది మొత్తం వెళ్ళిపోయేదాకా మీరు అలాగే ఉన్నారు.

"నలభై ఏడు" అన్నాను.

"సరి. నొక్కమ్మా."

నొక్కాను. మీరు చెప్పిన హెచ్చరిక వచ్చింది. ఒప్పుకున్నాను.

రెండు గంటలు పట్టింది. అంతసేపూ అత్తయ్య స్విచ్చి బోర్డు ముందు కుర్చీ వేసుకుని కాపలా కూర్చున్నారు. సన్యాసమ్మగారు ఫోన్ చార్జింగుకి వస్తే, "ఈ బోర్డు ఈపు ఎవులూ రాకండి, లోపల పని నడుత్తంది" అని గుమ్మంలోంచే పంపేశారు. ఒంటిగంటకి కొత్త తెర వచ్చింది. 'విండోస్ ఓల్డ్', అందులో 'యూజర్స్', అందులో ఆయన పేరు. మొదటి ఫైలు తెరిచాను. సిగ్నళ్ళ పాఠం. ఎర్ర రంగులో ఆయన పెట్టుకున్న గీతలతో సహా ఉంది.

అన్నీ బయటికి తీసి పెట్టాను. ఫొటోలు రెండో మూడో తెరుచుకోవడం లేదు. నోట్సు మాత్రం పూర్తిగా ఉంది.

మీకు ఎలా కృతజ్ఞతలు చెప్పాలో నాకు రాదు. లాప్‌టాప్ బాగుచేసినందుకు ఒకటి. నేను రాసిన ఇంగ్లీషు అక్షరాలు నమ్మి, ఆ పని నా చేతికే ఇచ్చినందుకు అంతకంటే పెద్దది.

సుధ


పలాస
డిసెంబరు 17

చిరంజీవి సుధకు ఆశీస్సులు.

అమ్మా, నీ రిపోర్టు రెండుసార్లు చదివాను. తప్పు నాది కూడా. పట్టీలో పేరు రెండుసార్లు వస్తుందని నాకు తెలుసు, రాయడం మరిచాను. ఆ 'డిలీట్' మీద నువ్వు వేలు ఆపకపోయి ఉంటే ప్రకాష్‌కి నేను జన్మలో మొహం చూపించలేకపోయేవాణ్ణి. కృతజ్ఞత చెప్పాల్సింది నేను.

నువ్వు నాకు నిజం రాశావు. నేను నీకు రాయలేదు. డ్యూటీ అన్నాను. ఇక్కడ మనుషులు తక్కువన్నది నిజమే, సెలవు దొరకనంత తక్కువ కాదు.

మూడేళ్ళ కిందట జూలైలో వచ్చాను. నువ్వు కొత్త కోడలివి. అమ్మ బజారుకి వెళ్ళింది. నేను వెనక వరండాలో కుర్చీ వేసుకుని పేపరు చదువుతున్నాను. వాన మొదలైంది, హాయిగా ఉందనుకుంటూ ఇంకా కూర్చున్నాను. గంటన్నర. అమ్మ వచ్చి వెనక తలుపు తీసి కేక పెట్టేదాకా నాకు తెలియదు. నువ్వు పెరట్లో కుళాయి దగ్గరికి వెళ్ళి, లోపలికి రావాలంటే నన్ను దాటి రావాలి, దానికి పద్ధతి ఒప్పుకోదు కాబట్టి, బిందె నెత్తిన బోర్లించుకుని గోడవారన నిలబడి ఉన్నావు. నేను లేచి ముందు గదిలోకి వెళితే సరిపోయేది. చూడలేదు. మర్నాడు నీకు జ్వరం. మందు తేవాలన్నా, ఎలా ఉందని అడగాలన్నా నాకు దారి లేదు.

ఆ రోజు బండెక్కుతూ అనుకున్నాను. నేను ఆ ఇంట్లో ఉన్నంతసేపూ ఒక మనిషికి తన ఇంట్లో తిరిగే వీలు లేకపోతే, నేను రాకపోవడమే మర్యాద అని. అమ్మకి ఈ మాట చెప్పలేను. చెబితే పద్ధతిని తప్పు పట్టినట్టవుతుంది. అందుకే డ్యూటీ.

నువ్వు చదువు లేనిదానివని నేనెప్పుడూ అనుకోలేదు. మా స్టేషన్లో డిగ్రీ చదివినవాళ్ళు కూడా నంబరు లేదని ఆగరు, తోచింది చేసేసి తరవాత నన్ను పిలుస్తారు.

ప్రకాష్‌కి చెప్పావా? ఏమన్నాడు?

ఆశీస్సులతో,
ఆదిబాబు


పర్సుడీహ్
డిసెంబరు 24

బావగారికి నమస్కారాలు.

చెప్పాను. ఆయన వచ్చిన రోజే, అన్నం తిన్నాక, లాప్‌టాప్ తెరిచి ముందు పెట్టి చెప్పాను. మొదట "ముట్టుకోవద్దన్నానా లేదా?" అని లేచారు. కూర్చుని నోట్సు ఒక్కొక్కటీ తెరిచి చూసుకున్నారు. తరవాత మీ ఉత్తరాలు చదివారు. చదివి, లాప్‌టాప్ సంగతి పూర్తిగా వదిలేశారు.

"క్యా బాత్ కర్ రహీ హో! అన్నయ్యతో మాటాడినావా? నువ్వు? నోటితోటి?"

"ఒక్క నంబరే."

"నంబరైతే ఏటి, మాటే కదా! అమ్మ ఊరుకున్నాదా?"

"నానే ఫోన్ ఇచ్చినాను, నోరు ముయ్యరా" అని వంటింట్లోంచి అత్తయ్య.

ఆ రాత్రి నుంచే మాక్ పరీక్షలు మొదలుపెట్టారు. సైటు తెరుచుకుంటోంది. నూటికి అరవై రెండుతో మొదలై నిన్నటికి డెబ్భై ఒకటి దాకా వచ్చారు. దీపం వేళకి తనే తెర మూసి లేస్తున్నారు. పరీక్ష ఎలా రాస్తారో దేవుడికి తెలియాలి కానీ, నోట్సు లేక మాత్రం తప్పరు.

మీ ఉత్తరం అందిన రోజు వాన సంగతి మళ్ళీ మళ్ళీ చదివాను. ఆ రోజు నాకు జ్వరం గుర్తుంది, వాన గుర్తుంది, మీ మీద కోపం ఉన్నట్టు గుర్తులేదు. మీరు అప్పటినుంచీ దాన్ని మోసుకు తిరుగుతున్నారని తెలిస్తే ఎప్పుడో ఉత్తరం రాసి ఉండేదాన్ని, ఎన్ని తప్పులున్నా.

అత్తయ్య అడిగారు, "ఆదిగాడు ఏటి రాసినాడు?" అని. చదివి వినిపించమన్నారు. వాన దగ్గరికి వచ్చేసరికి ఆపేద్దామనుకున్నాను, ఆపనివ్వలేదు. అంతా విని, చేటలో బియ్యం ఏరుతూ ఏరుతూ తల ఎత్తకుండా అన్నారు.

"నాకు తెలుసు. ఆడు ఎందుకు రావడం నేదో నాకు మొదటినుంచీ తెలుసు. ఆ రోజు ఎల్తా ఎల్తా నీ గది తలుపు కేసి సూసినాడు. అప్పుడే అనుకున్నాను, ఈడు ఇంక రాడని. ఒక్క మాట నాను అంతే సరిపోను. 'మన ఇంట్లో ఆ పద్దతి ఒద్దు, ఎవులి పని ఆలు సేసుకోండి' అని. మా అత్త నన్ను అలాగే నిలబెట్టింది, నాను నిన్ను నిలబెట్టినాను. లైనోల్లు ఏటనుకుంతారో అని మూడేళ్ళు నా కొడుకుని నానే రాకుండా సేసుకున్నాను."

బియ్యంలో రాళ్ళు లేవు బావగారూ. నేను ముందే ఏరి పెట్టాను. ఆవిడ ఊరికే ఏరుతున్నారు.

తరవాత కళ్ళు తుడుచుకుని నా వైపు వేలు చూపించారు. "ఈ మాట ఆడికి రాసినావంతే నీ పని అయిపోనాదే. తల్లి తప్పు ఒప్పుకున్నాదని కొడుక్కి తెలీకూడదు. రమ్మని రాయి, అంతే." నా చేత ఒట్టు కూడా వేయించుకున్నారు.

రమ్మని రాస్తున్నాను. మీకు వరసగా రెండు రోజులు రెస్టు దొరికినప్పుడు రండి. వెనక వరండాలో కుర్చీ వేసి ఉంటుంది, ఎంతసేపైనా కూర్చోండి, నేను పక్కనుంచే బిందెతో వెళతాను. టీ అత్తయ్య చేత పంపను, నేనే తెచ్చి ఇస్తాను. మాట్లాడమంటే మాత్రం వెంటనే రాదు, కొంచెం ఆగాలి. ఆగడం మీకు వచ్చు కాబట్టి నాకు భయం లేదు.

ఒట్టు తప్పి అత్తయ్య మాట మొత్తం మీకు రాసేశాను. ఎందుకంటే ఊరికే "రండి" అంటే మీరు మళ్ళీ డ్యూటీ అంటారు. కానీ ఆవిడ ఎదుట మీకేమీ తెలియనట్టే ఉండాలి. మీరు వచ్చిన ఉత్తరాలన్నీ స్టేషన్ కాగితాల్లాగా దాచిపెడతారని మీ తమ్ముడు చెప్పారు. మిగతావి దాచుకోండి, దీన్ని మాత్రం వద్దు. చదవగానే పొయ్యిలో వేసి కాల్చేసి, బండెక్కండి.

మీ మరదలు,
సుధ